రన్‌వే మీద ఎనిమిది

తాడేపల్లిగూడెంలో బండి నేర్చుకున్న మనిషిని ఏలూరులో అయినా జంగారెడ్డిగూడెంలో అయినా ఇట్టే పట్టేయొచ్చు. తిన్నటి రోడ్డు మీద వాళ్ళంత దర్జాగా తోలేవాళ్ళు ఇంకెక్కడా ఉండరు. మలుపు వచ్చిందంటే మాత్రం ముఖంలో రంగు మారిపోతుంది. కొందరైతే స్కూటీ దిగి, చేత్తో తిప్పుకుని, మళ్ళీ ఎక్కుతారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. ఊరి పక్కనే యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు విమానాల కోసం వేసిన రన్‌వే ఉంది. కనుచూపు మేర ఒకటే తిన్నన, ఒకటే చదును. అలాంటి చోటు అందుబాటులో ఉండగా సందుల్లో పడి ఎవరు నేర్చుకుంటారు? తండ్రులు అక్కడే నేర్చుకున్నారు, పిల్లల్నీ అక్కడికే తీసుకెళ్ళి నేర్పించారు. అటు చివరి నుంచి ఇటు చివరికి, ఇటు చివరి నుంచి అటు చివరికి. మలుపనేది ఒకటి ఉంటుందని రోడ్డెక్కాక గాని ఎవరికీ గుర్తు రాదు.

సలోమి కూడా అక్కడే నేర్చుకుంది. అదీ యాభై ఏడో ఏట, అదీ ట్రాలీ ఆటో. సరదాకి మాత్రం కాదు.

సలోమి భర్త మత్తయికి ఆ ఆటోయే లోకం. తెల్లారగట్ల గూడెం మార్కెట్టులో ఉల్లిపాయల బస్తాలు ఎత్తించుకుని, ఒకరోజు నల్లజర్ల, ఒకరోజు జంగారెడ్డిగూడెం, ఒకరోజు ఏలూరు తిరిగి అమ్ముకొచ్చేవాడు. బేరం ఆడాడంటే అవతలివాడు నవ్వుకుంటూ దిగొచ్చేవాడు. అలాంటి మనిషికి షుగరు కంటికి ఎక్కింది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి అంతా పొగమంచులో ఉన్నట్టు కనపడుతుంది. "ఇంక మీరు బండి తోలకూడదండి" అని ఏలూరు డాక్టరు గారు చెప్పేశారు. మత్తయి ఇంటికొచ్చి, తాళాలు గోడ మేకుకి తగిలించి, వీధరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. కూరలో ఉప్పు మర్చిపోయినా అడగడు. కాఫీ చల్లారిపోయినా అనడు. సలోమికి ఆ కన్ను పోయిందన్న దిగులు కంటే, మొత్తం మనిషే పోయేలా ఉన్నాడన్న భయం ఎక్కువైంది.

అప్పుడు దిగాడు మత్తయి తమ్ముడు నెహెమ్యా, జంగారెడ్డిగూడెం నుంచి. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఎవరికో ఒకరికి సలహా చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడు.

"బండి ఇలా మూలన పెడితే తుప్పు పట్టిపోద్ది అన్నయ్యా. నాకిచ్చెయ్యి, నేను తిప్పుకుంటాను. తోలేవాళ్ళు లేని ఇంట్లో బండెందుకు?"

"తోలేవాళ్ళు లేరని ఎవరన్నారు?" అంది సలోమి గుమ్మంలోంచి.

"ఎవరున్నారు వదినా?"

"నేను లేనూ?"

నెహెమ్యా కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "మీరు సైకిలు కూడా తొక్కలేదు కదండీ."

"సైకిలుకి రెండే చక్రాలు. నిలబెడితే పడిపోద్ది. దీనికి మూడున్నాయి."

మత్తయి నవ్వలేదు, కాదనలేదు. ఒక మాట మాత్రం చెప్పాడు. "క్రిస్మస్ లోపల లైసెన్సు తెచ్చుకుంటే బండి సలోమిది. తేలేకపోతే నీది." తమ్ముడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఆ మాట గాల్లో కలిసిపోయేది కాదు. బండి పోతే మత్తయి మార్కెట్టుకి వెళ్ళే పనే ఉండదు. ఇంక జన్మంతా ఆ అరుగే. సలోమికి ఆ సంగతి బాగా తెలుసు.

అదే వారంలో ఇంకో కబురు వచ్చింది. రన్‌వే చుట్టూ గోడ కట్టేస్తున్నారట, గేటు పెడతారట, కొత్త సంవత్సరం నుంచి ఎవర్నీ లోపలికి రానివ్వరట. పొద్దున్నే నడిచేవాళ్ళు, క్రికెట్టు పిల్లలు, ధాన్యం ఆరబోసుకునే రైతులు అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. సలోమి గొల్లుమనలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన బోర్లించి ఉన్న నల్లటి మూకుడి మీద చెయ్యి వేసింది.

ఆ మూకుడికి ఒక కథ ఉంది.

సలోమి అమ్మమ్మ సుందరమ్మ, కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆ రన్‌వేకి కంకర మోసింది. ఆడవాళ్ళు వరసగా తట్టలందుకుంటుంటే, మగవాళ్ళు దిమ్మిస కొట్టేవారట. మొదటి విమానం దిగిన రోజున కూలీలందరూ తట్టలు నెత్తిన బోర్లించుకుని చేలల్లోకి పరిగెత్తారట. వారం తిరిగేసరికి అదే విమానం వస్తుంటే తలెత్తి చూడ్డం కూడా మానేశారట. రాత్రిళ్ళు దీపం బయటికి కనపడకూడదని సోల్జర్లు వీధుల్లోకొచ్చి కేకలేసేవారట. ఇనప రేకుల షెడ్లు, లారీలు, ఎవరికీ అర్థం కాని భాష, ఎవరూ ఎరగని డబ్బాల తిండి. గూడెం పక్కన ఇంకో గూడెం లేచింది.

తర్వాత యుద్ధం అయిపోయింది. ఎందుకు తెరిచారో చెప్పనట్టే, ఎందుకు మూస్తున్నారో కూడా చెప్పలేదు. విమానాలు ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోతుంటే, పని పోయిన జనం గేటు దగ్గర నిలబడి చూశారు. కొందరు ఏడ్చారు. సుందరమ్మకి ఏడవడానికి తీరిక దొరకలేదు. షెడ్లు విప్పి పారేసిన చెత్తలో మందపాటి ఇనప రేకు ఒకటి కనపడింది. తాడు కట్టి ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది. కమ్మరి దగ్గర కూర్చుని, కొట్టించి కొట్టించి మూకుడు చేయించింది. ఆ సాయంత్రమే బళ్ళు ఆగే చోట పొయ్యి పెట్టి ఉల్లిపాయ పకోడీ వేసింది. ఆ ఇంట్లో మూడు తరాలు ఆ మూకుడి మీదే తిన్నాయి. ఇప్పటికీ సాయంత్రమైతే సలోమి ఇంటి ముందు అదే మూకుడు, అదే వాసన.

సుందరమ్మ పకోడీ దేవుతూ చెప్పేది: "మనల్ని అడిగి తెరిచారా, అడిగి మూయడానికి? వాళ్ళు తాళం వేసేలోగా నీక్కావలసింది నువ్వు తెచ్చేసుకో."

సలోమి మూకుడి మీది చెయ్యి తీసి, మేకుకి ఉన్న తాళాలు అందుకుని, అరుగు మీదికి వచ్చింది.

"ఏవండీ, లేవండి. రన్‌వే దాకా వెళ్ళాలి."

"నాకు కనపడదే."

"నాక్కనపడుతుంది కదా. మీరు నోటితో నేర్పండి."

పక్కింటి కుర్రాడు బండిని రన్‌వే దాకా తెచ్చి ఇచ్చి తన దారిన తాను పోయేవాడు, సాయంత్రం వచ్చి ఇంటికి తీసుకెళ్ళేవాడు. మత్తయి పక్కన కూర్చున్నాడు. మొదట నసిగాడు, తర్వాత కసిరాడు, మూడో రోజుకి పాత గొంతు వచ్చేసింది.

"క్లచ్చు మెల్లిగా వదలాలే, వేడి గిన్నె వదిలినట్టు వదిలేస్తావేంటి?"

"అరవకండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నన్ను కాదుగా చూసేది."

ఎల్ఎల్ఆర్ తీసుకుని, నెల తిరిగేసరికి సలోమి చేతిలో ఆటో నల్లేరు మీద నడిచినట్టు నడిచింది. పాత కాంక్రీటు నెర్రెల్లో మొలిచిన గడ్డి టైర్ల కింద గరగరమంటుంటే, చీర చెంగు బొడ్లో దోపి, హ్యాండిలు పట్టుకుని దూసుకుపోయేది. "ఇంకొంచెం అయితే లేచేస్తామే" అనేవాడు మత్తయి. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు కనపడింది.

కాకపోతే చివరికి వెళ్ళాక ఇద్దరూ దిగేవారు. మూడు చక్రాల బండి, తిప్పడం తెలియకపోతే పక్కకి ఒరిగిపోద్దని మత్తయికి భయం. కన్ను కనపడితే తనే చూపించేవాడు, ఇప్పుడెలా? "తిప్పడం తర్వాత చూద్దాంలే" అనేవాడు. ఖాళీ బండే కదా, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఇటు మళ్ళించి, మళ్ళీ ఎక్కేవారు. అక్కడ ధాన్యం ఆరబోసుకునే లక్ష్మీకాంతం కూడా అప్పుడప్పుడూ వచ్చి ఒక చెయ్యి వేసేది.

ఈ లక్ష్మీకాంతం కాలవ కింద పొలం ఉన్న రైతు ఇంటి ఇల్లాలు. అరవై దాటాయి. నోరు మంచిదే గాని పెద్దది. సార్వా వరి కోతలు అవగానే రన్‌వే మీద బరకాలు పరిచి ధాన్యం పోసి, పొద్దస్తమానూ ఒట్టి కాళ్ళు ఈడ్చుకుంటూ సాళ్ళు తీస్తూ తిరగేస్తుంది. ఆవిడ కూడా స్కూటీ ఇక్కడే నేర్చుకుంది. ఊళ్ళో మలుపుల దగ్గర దిగి చేత్తో తిప్పుకునే వాళ్ళలో ఆవిడే మొదటిది.

టెస్టు రోజు వచ్చింది. గ్రౌండులో రాళ్ళు పెట్టి ఎనిమిది అంకె గీశారు. ఆ గీత వెంట తిప్పి, రివర్సులో వచ్చి, అడ్డగీత దగ్గర ఆపాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు "కానివ్వండమ్మా" అన్నారు. సలోమి దర్జాగా గేరు వేసింది. దర్జాగా కదిలింది. ఎనిమిది నడుం మధ్యలోంచి తిన్నగా వెళ్ళి, అవతలి రాయి పడేసి, గ్రౌండు గేటు దాటి, రోడ్డు మీద ఆపింది.

ఇన్‌స్పెక్టరు గారు నడుచుకుంటూ వచ్చారు. కోప్పడలేదు. "గూడెం రన్‌వేనా అమ్మా?" అని అడిగారు.

"ఎలా తెలిసిందండీ?"

"మీకు ముందు ఇంకో ముగ్గురొచ్చారు. వాళ్ళదీ ఇదే వరస." ఆయన పడిపోయిన రాయి చేత్తో తీసుకుని, "బండి బాగానే తోలుతున్నారు. తిప్పడం నేర్చుకుని వచ్చే వారం రండి" అన్నారు.

ఆ వచ్చే వారమే క్రిస్మస్ ముందు ఆఖరి టెస్టు.

గూడెం మార్కెట్టులో పుట్టిన కబురు జంగారెడ్డిగూడెం చేరడానికి ఎంతసేపు. మర్నాడే నెహెమ్యా బస్సు దిగి తిన్నగా రన్‌వే మీదికే వచ్చాడు. సలోమి బండి పక్కన నిలబడి ఉంది. మత్తయి కాస్త దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని, కనపడని చివరివైపు చూస్తున్నాడు.

"ఏం వదినా, ఆ విమానాలు కూడా తిన్నగానే వెళ్ళేవటగా. కాకపోతే అవి చివరికెళ్ళి పైకి లేచేవి. మీరూ లేస్తే సరిపోద్ది."

సలోమి చీర చెంగుతో హ్యాండిలు తుడిచింది.

"చేతికి గరిటె అలవాటైనాక హ్యాండిలు ఎలా ఒప్పుద్దండీ? వచ్చే వారం వస్తాను, బండి కడిగించి పెట్టండి."

ధాన్యంలో సాళ్ళు తీస్తున్న లక్ష్మీకాంతం ఆగింది. "ఎవరు బాబూ మీరు?"

"మా అన్నగారి బండండీ. తీసుకెళ్దామని."

"అలాగా. గరిటె గురించి ఏదో అన్నారు. మీరు పొద్దున్న ఏం తిని బయల్దేరారు?"

"ఇడ్లీ అండి."

"మీరే వండుకున్నారా?"

నెహెమ్యా బస్సు టైమయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

లక్ష్మీకాంతం సలోమి వైపు తిరిగింది. "ఎనిమిదంటే ఎలా తిప్పాలే?"

"ఇలాగండీ" అని సలోమి చెప్పులు విడిచి, ధాన్యంలో దిగి, సాళ్ళు తీసినట్టే మడమ ఈడ్చుకుంటూ ఒక సున్నా, దాని పక్కన ఇంకో సున్నా గీసింది. చిన్నప్పుడు కూలికి వెళ్ళిన కాళ్ళు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వంకర పోలేదు. గీశాక ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"కాళ్ళకి వచ్చింది చేతులకి ఎందుకు రాదే?" అంది లక్ష్మీకాంతం. చెక్కపార అందుకుంది. ఒక్కో సున్నా నడిమధ్యన ఒక్కో గుండ్రటి రాశి పోసింది. చుట్టూ మిగిలిన ధాన్యం గట్టులా పరిచింది. రాశులకీ గట్టుకీ మధ్యలో, బరకాలు తీసేసి, ఆటో పట్టేంత కాంక్రీటు మాత్రం ఖాళీగా ఉంచింది.

సలోమి రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దండీ కాంతమ్మగారూ. తొక్కేస్తానేమో."

"తొక్కావంటే నూకైపోద్ది. ఆ నూకంతా నీ చేతే ఉప్మా చేయించి, నా ఇంటిల్లిపాదికీ పెట్టిస్తాను. ఎక్కు."

సలోమి చర్చికి వెళ్ళే మనిషే గాని, చెప్పుకాలితో ధాన్యాన్ని తొక్కడం పుట్టి ఎరగదు. పొరపాటున తగిలితే వంగి, ముట్టుకుని, కళ్ళకద్దుకుంటుంది. అది ఎవరూ నేర్పింది కాదు. అలాంటి మనిషికి రెండు పక్కలా బంగారంలాంటి వడ్లు పోసి, మధ్యలోంచి ఆటో తోలమంటే ఏమవుతుంది? నత్తలా కదిలింది. కళ్ళు టైరు మీదే. వడ్లు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే తిరిగింది. ముందు చక్రం తిరిగింది. వెనక చక్రం మాత్రం గట్టుని కాస్త రాసుకుంది. సలోమి బండి ఆపి, దిగి, చెదిరిన గింజలు ఏరి, కళ్ళకద్దుకుని, గట్టు మీద పోసి, మళ్ళీ ఎక్కింది.

మత్తయి ఊరుకోలేకపోయాడు. వచ్చి బండి ముందు నిలబడి, వడ్లని కాలి వేళ్ళతో తడుముకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చెప్పాడు. "ఇటు... ఇంకా ఇటు... చాలు, తిన్నగా పట్టు... ఇప్పుడు అటు." తన కాలికి వడ్లు తగిలిన చోటల్లా హెచ్చరించాడు. మర్నాటికి పక్క బరకాల వాళ్ళు కూడా తమ ధాన్యం తెచ్చి గట్టుకి కలిపారు. ఆరిన కొద్దీ ధాన్యం పరుచుకుని దారి సన్నబడింది. దారి సన్నబడిన కొద్దీ సలోమి చెయ్యి కుదిరింది. రివర్సు కూడా ఆ దారిలోనే నేర్చుకుంది. చివరి రోజుకి మత్తయి నడవడం మానేసి పక్కన కూర్చుని పల్లీలు తిన్నాడు. వాళ్ళ వెనకాల లక్ష్మీకాంతం స్కూటీ మీద, దిగకుండా, కాలు ఆనించకుండా, ఎనిమిది అంతా తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఊళ్ళో ప్రతి మలుపూ, పని లేకపోయినా, తిరిగి వచ్చిందని చెప్పుకున్నారు.

రెండో టెస్టుకి సలోమి గ్రౌండులోకి వచ్చి, బండి ఎక్కేముందు చెప్పులు విడిచి పక్కన పెట్టింది.

"చెప్పులెందుకమ్మా విప్పారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ధాన్యం ఉందండీ."

ఆయన నేల వైపు చూశారు. నేల మీద రాళ్ళు తప్ప ఏమీ లేవు. సలోమికి మాత్రం ప్రతి రాయి పక్కనా లక్ష్మీకాంతం వడ్లు కనపడుతున్నాయి. గేరు వేసింది. మొదటి సున్నా చుట్టింది. నడుం దగ్గర ఇటు నుంచి అటు మళ్ళింది. రెండో సున్నా చుట్టింది. ఒక్క రాయీ కదల్లేదు. రివర్సులో వచ్చి, అడ్డగీత మీద చక్రం ఆనీ ఆననట్టు ఆపింది. వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు ఫోన్లు చూడ్డం ఆపేశారు.

"ఈసారి ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"అక్కడేనండీ. రన్‌వే మీదే."

ఆయన నమ్మలేదు. అయినా సంతకం పెట్టారు. చెట్టు కింద కూర్చున్న మత్తయికి ఏమీ కనపడలేదు గాని, ఇంజను ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో, ఎక్కడ ఆగిందో అంతా వినపడింది. సలోమి వచ్చేసరికి లేచి నిలబడి ఉన్నాడు. "రెండో సున్నాలో గేరు కాస్త ముందు మార్చాల్సిందే" అన్నాడు.

మాట ప్రకారం నెహెమ్యా వచ్చాడు. అరుగు ఖాళీగా ఉంది. వీధిలో ఆటో నిండా ఉల్లిపాయల బస్తాలు. పొద్దున్నే మార్కెట్టులో మత్తయి చేత్తో తడిమి, ముక్కుతో చూసి, ఒక్కో బస్తాకీ పాత రోజుల్లోలాగే బేరమాడి ఎత్తించినవి. హ్యాండిలు దగ్గర సలోమి కూర్చుని ఉంది.

"మరిదిగారూ, సరిగ్గా వచ్చారు. మేము మీ ఊరికే వెళ్తున్నాం. బస్సు కోసం ఎండలో నిలబడడమెందుకు, ఎక్కండి."

"ముందు చోటేదండీ?"

"ముందు మీ అన్నయ్యగారిది. మీకు వెనకాల బస్తాల మీద."

నల్లజర్ల దాటేదాకా నెహెమ్యా బస్తాలకి కట్టిన తాడు వదల్లేదు. ఆ తర్వాత ఒక చెయ్యి వదిలాడు. జంగారెడ్డిగూడెం వచ్చేసరికి మునగచెట్టు పక్కన ఎవరో తెలిసినాయనకి చెయ్యి ఊపాడు కూడా. ఇంటి దగ్గరికి రాగానే, "మా సందు ఇరుకు వదినా, రోడ్డు మీదే ఆపెయ్యండి, దిగిపోతాను" అన్నాడు. సలోమి ఆపలేదు. సందు మొగ దాటించి, వెనక్కి చూసి, రెండు పక్కలా గోడలకి జానెడు వదిలి, రివర్సులో తీసుకెళ్ళి సరిగ్గా వాళ్ళ గుమ్మం ముందు ఆపింది. నెహెమ్యా భార్య చేతిలో చీపురుతో అలాగే నిలబడిపోయింది.

"నాకూ నేర్పుతారా అక్కా?" అంది.

నెహెమ్యా ఏదో సలహా చెప్పబోయి, మంచినీళ్ళు అడిగాడు.

ఏడాది చివరి సాయంత్రం రన్‌వే మీద జనమే జనం. గోడ అయిపోయింది, గేటు బిగించారు. ఆఖరి బస్తాలు ఆటోలో లక్ష్మీకాంతం ఇంటికి చేరాయి. తర్వాత సలోమి అమ్మమ్మ మూకుడు తెచ్చి, కాంక్రీటు మీద మూడు రాళ్ళు పెట్టి, పొయ్యి రాజేసింది. రన్‌వే పోసిన చేతుల మూకుడు రన్‌వే మీదికి మొదటిసారి వచ్చింది. ధాన్యం వాళ్ళూ, నడిచేవాళ్ళూ, క్రికెట్టు పిల్లలూ అందరూ వేడివేడిగా తిన్నారు. గేటు కాపలా ఆయన కూడా ఆకులో కట్టించుకున్నాడు.

చీకటి పడకముందే సలోమి బండి తీసింది. పక్కన మత్తయి, వెనకాల మూకుడు ఒళ్ళో పెట్టుకుని లక్ష్మీకాంతం. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒక్క ఊపులో వచ్చి, దిగకుండా, నెట్టకుండా, అక్కడికక్కడే గుండ్రంగా తిప్పి, గేటులోంచి బయటికి తెచ్చింది.

కాపలా ఆయన తాళం చేత్తో పట్టుకుని, "ఇంక తెరవరండమ్మా. లోపల ఏమైనా వదిలేశారేమో చూసుకోండి" అన్నాడు.

"అన్నీ తెచ్చేసుకున్నాం బాబూ" అని, సలోమి ఎడమ పక్క మలుపు తిప్పింది.